అనుమతి ఉన్న చొరబాటు: పెనెట్రేషన్ టెస్టింగ్ వృత్తి చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పెనెట్రేషన్ టెస్టింగ్ అనే వృత్తి ఎలా పుట్టి, ఎలా స్థిరపడిందో వివరించగలుగుతారు.
• భద్రతా పరీక్షకూ నేరానికీ మధ్య గీత ఎక్కడ ఉందో చట్టం ఆధారంగా చెప్పగలుగుతారు.
• 2010లో హైదరాబాదులో జరిగిన ఓటింగ్ యంత్రాల వివాదాన్ని విశ్లేషించగలుగుతారు.
• ఈ వృత్తిలో ప్రవేశించదలచిన డిగ్రీ విద్యార్థి ఏ దారిన వెళ్ళాలో తెలుసుకోగలుగుతారు.

1. పరిచయం

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన మీకు ఏటిగట్టు అంటే ఏమిటో చెప్పనవసరం లేదు. వరద కాలానికి ముందే గట్టు మీద నడిచి, ఎక్కడ ఎలుకలు, పీతలు కలుగులు చేశాయో, ఎక్కడ ఊట కారుతున్నదో, ఎక్కడ నది కోత వేస్తున్నదో చూసి మరమ్మతు చేయాలి. అలా చూడకపోతే బలహీనమైన చోటును వరదే కనిపెడుతుంది. 1986 ఆగస్టులో వచ్చిన వరదకు గట్లు తెగి ఊళ్ళు మునిగిన సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు.

కంప్యూటర్ వ్యవస్థలకు ఇటువంటి తనిఖీ చేయడమే పెనెట్రేషన్ టెస్టింగ్. దీనినే చొరబాటు పరీక్ష అనవచ్చు. ఒక బ్యాంకు, ఒక ఆస్పత్రి లేదా ఒక ప్రభుత్వ శాఖ తన కంప్యూటర్లలోకి దొంగ ఎలా ప్రవేశించగలడో తెలుసుకోవడానికి, నమ్మకమైన నిపుణుడి చేత ముందుగానే ఆ ప్రయత్నం చేయించుకుంటుంది. అయితే ఏటిగట్టు తనిఖీకీ ఈ పరీక్షకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. గట్టు చూసేవాడు గట్టును తెంచడు. చొరబాటు పరీక్షకుడు మాత్రం దొంగ చేసే పనినే, దొంగ వాడే పనిముట్లతోనే చేస్తాడు. అలాంటప్పుడు ఇద్దరినీ వేరు చేసేది ఏమిటి? ఈ వృత్తి చరిత్ర అంతా ఈ ప్రశ్నకు సమాధానం వెతికిన చరిత్రే. నైపుణ్యం ఇద్దరికీ ఒకటే కావచ్చు. యజమాని ఇచ్చిన అనుమతి, పని ముగిశాక ఇచ్చే నివేదిక, ఈ రెండూ కలిసి ఒక నేరాన్ని వృత్తిగా మార్చాయి. ఆ మార్పు ఎలా వచ్చిందో ఈ పాఠంలో చూద్దాం.

2. తాళాల కాలం: 1851

ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో ఆరంభమై 1852లో పూర్తయింది. ఆ పని సాగుతున్న రోజుల్లోనే, 1851లో, లండన్ నగరంలో గొప్ప ప్రదర్శన జరిగింది. అక్కడికి వచ్చిన ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే అమెరికా తాళాల నిపుణుడు, ఇంగ్లండులో ఎవరూ తీయలేరని పేరుపడిన చబ్ తాళాన్ని సుమారు 25 నిమిషాలలో తీసి చూపాడు.

తరువాత అతడు బ్రామా సంస్థ తాళం వైపు తిరిగాడు. తాళంచెవి లేకుండా దీనిని తీసిన వారికి 200 గినీలు ఇస్తామని ఆ సంస్థ తన దుకాణం కిటికీలో దశాబ్దాలుగా ప్రకటించి ఉంచింది. హాబ్స్ రాత్రివేళ దొంగచాటుగా ఆ పని చేయలేదు. ముందు సంస్థతో షరతులు రాసుకున్నాడు. 30 రోజుల గడువు పెట్టారు. మధ్యవర్తులను నియమించారు. 16 రోజుల వ్యవధిలో మొత్తం 51 గంటలు పనిచేసి అతడు తాళం తీశాడు. సంస్థ కొంత వాదించినా చివరకు సొమ్ము చెల్లించింది.

ఈ సంఘటనలో మూడు అంశాలను గమనించండి. మొదటిది, యజమాని సమ్మతి ఉంది. రెండవది, గడువు, షరతులు కాగితం మీద ఉన్నాయి. మూడవది, ఫలితం బయటికి వచ్చింది. తాళాల లోపాలు బహిరంగంగా చర్చిస్తే దొంగలకు పాఠం చెప్పినట్లు కాదా అని అప్పుడే కొందరు ఆక్షేపించారు. దొంగలకు ఆ విద్య ముందే తెలుసుననీ, తెలియనిది తాళం కొనుక్కునే జనానికేననీ హాబ్స్ పక్షం వారు బదులు చెప్పారు. ఆ వాదన ఇప్పటికీ ముగియలేదు.

3. కంప్యూటర్ల కాలం: టైగర్ జట్లు

1960ల నాటికి ఒకే పెద్ద కంప్యూటరును అనేకమంది ఒకేసారి దూరం నుంచి వాడుకునే పద్ధతి వచ్చింది. ఒకరి సమాచారాన్ని మరొకరు చూడకుండా ఆపడం ఎలా అన్న ప్రశ్న దానితోనే వచ్చింది. 1967లో అమెరికాలో జరిగిన ఒక కంప్యూటర్ మహాసభలో ర్యాండ్ సంస్థకు చెందిన విల్లిస్ వేర్ మొదలైన వారు ఈ ప్రమాదాన్ని బహిరంగంగా చర్చించారు. వేర్ అధ్యక్షతన ఏర్పడిన బృందం 1970లో రక్షణశాఖకు నివేదిక ఇచ్చింది. 1972లో జేమ్స్ ఆండర్సన్ వైమానిక దళం కోసం మరొక నివేదిక తయారుచేశాడు.

ఈ కాలంలోనే ప్రభుత్వం తన కంప్యూటర్ల మీదికి తన నిపుణులనే దాడికి పంపడం మొదలుపెట్టింది. ఆ బృందాలకు టైగర్ జట్లు అని పేరు. వీటికి మంచి ఉదాహరణ మల్టిక్స్ పరీక్ష. అప్పటికి అత్యంత భద్రమైనదిగా పేరున్న మల్టిక్స్ వ్యవస్థను పాల్ కార్గర్, రోజర్ షెల్ అనే వైమానిక దళ అధికారులు పరీక్షించి 1974లో నివేదిక రాశారు. యంత్రంలోనూ, ప్రోగ్రాములోనూ, మనుషులు పాటించే పద్ధతులలోనూ లోపాలు ఉన్నాయని వారు తేల్చారు. ఈ మూడవ అంశం ముఖ్యమైనది. గట్టి తాళం వేసి తాళంచెవిని గుమ్మం మీద పెట్టే అలవాటు ఉన్న ఇంట్లో తాళాన్ని పరీక్షించి ప్రయోజనం లేదు.

ఈ దశలో పరీక్షకులకు అనుమతి గురించి చింత లేదు. వారు సైన్యం మనుషులు, పరీక్షించేది సైన్యం యంత్రాన్నే. అనుమతి సమస్య ఈ విద్య సైన్యం గోడలు దాటి వచ్చిన తరువాతే ఎదురైంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) హాబ్స్ బ్రామా తాళం తీయడానికి ముందు చేసుకున్న ఏర్పాట్లు ఏవి?
(ఆ) మల్టిక్స్ పరీక్షలో బయటపడిన మూడు రకాల లోపాలు ఏవి?

4. విద్య బయటికి వచ్చింది: 1988–2003

1988 నవంబరులో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన పురుగు ప్రోగ్రాము అప్పటి ఇంటర్నెట్టులో వేలాది యంత్రాలను స్తంభింపజేసింది. ఆ వెంటనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అత్యవసర స్పందన కేంద్రం ఏర్పడింది. మోరిస్ మీద కేసు నడిచి శిక్ష పడింది. నష్టం చేయాలన్న కోరిక తనకు లేదన్న వాదన అతడిని కాపాడలేదు.

1993లో డాన్ ఫార్మర్, వీట్సే వెనెమా ఒక వ్యాసం రాశారు. మీ యంత్రాలను బాగు చేసుకోవాలంటే వాటిలోకి మీరే చొరబడి చూడండి అన్నది దాని సారం. 1995లో వారిద్దరూ సేటన్ అనే ఉచిత తనిఖీ పనిముట్టును విడుదల చేశారు. 1997లో ఎన్‌మ్యాప్, 2003లో మెటాస్ప్లాయిట్ వచ్చాయి. సైన్యం ప్రయోగశాలలో ఉన్న విద్య ఇప్పుడు ఏ ఊరి కుర్రవాడికైనా అందుబాటులోకి వచ్చింది. రాజమండ్రిలోనో భీమవరంలోనో ఉన్న విద్యార్థి కూడా అదే పనిముట్టును తన కంప్యూటరులో పెట్టుకోవచ్చు. పనిముట్టు అందరికీ అందింది గాని, దానిని ఎక్కడ వాడవచ్చునన్న హక్కు దానితో పాటు రాలేదు. ఆ హక్కును నిర్ణయించే బాధ్యత చట్టాల మీద పడింది.

5. భారతదేశంలో చట్టం

మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవ 1995 ఆగస్టు 15న మొదలైంది. 1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కార్డ్ అనే పథకం ద్వారా సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలలో రిజిస్ట్రేషన్లను కంప్యూటరు మీదికి తెచ్చింది. డెల్టాలో ఎకరం మాగాణి అంటే ఒక కుటుంబం ఆస్తి మొత్తం. అటువంటి భూమి దస్తావేజు యంత్రంలోకి చేరిన నాటి నుంచి యంత్రం భద్రత రైతుకు కూడా సంబంధించిన విషయమైంది.

2000లో వచ్చిన సమాచార సాంకేతిక చట్టం ఆ ఏడాది అక్టోబరు 17 నుంచి అమలులోకి వచ్చింది. దాని 43వ సెక్షన్ మన అంశానికి కీలకం. యజమాని లేదా ఆ యంత్రానికి బాధ్యుడైన వ్యక్తి అనుమతి లేకుండా కంప్యూటరులోకి ప్రవేశించడం, సమాచారం తీసుకోవడం, వైరస్ పెట్టడం వంటి పనులకు నష్టపరిహారం చెల్లించాలని అది చెబుతుంది. అవే పనులు కపట బుద్ధితో లేదా మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ కింద 3 సంవత్సరాల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. ప్రభుత్వం రక్షిత వ్యవస్థగా ప్రకటించిన వాటి జోలికి వెళితే 70వ సెక్షన్ కింద శిక్ష 10 సంవత్సరాల వరకు ఉంటుంది.

ఇక్కడ ఒక చారిత్రక విశేషం ఉంది. 2000 నాటి చట్టంలో 66వ సెక్షన్ శీర్షికలోనే హ్యాకింగ్ అనే మాట ఉండేది. 2008 సవరణ ఆ మాటను తీసివేసింది. ఆ సవరణ 2009 అక్టోబరు 27 నుంచి అమలైంది. అంటే చట్టం విద్యను నేరంగా చూడడం మాని, అనుమతి లేకపోవడాన్నీ కపట బుద్ధినీ నేరంగా చూడడం మొదలుపెట్టింది. 43వ సెక్షన్‌లోని "అనుమతి లేకుండా" అన్న రెండు మాటల మీదనే ఈ నాటి పెనెట్రేషన్ టెస్టింగ్ వృత్తి మన దేశంలో నిలబడి ఉంది.

6. హైదరాబాదు సంఘటన: 2010

అనుమతి లేని పరీక్ష ఎంత చిక్కును తెస్తుందో, అనుమతి నిరాకరించడం ఎంత చిక్కును తెస్తుందో రెండూ ఒకే సంఘటనలో మన తెలుగు నేల మీద కనిపించాయి.

మన ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాలను రెండు ప్రభుత్వరంగ సంస్థలు తయారుచేస్తాయి. వాటిలో ఒకటి హైదరాబాదులోని ఈసీఐఎల్. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా ఈ యంత్రాలే వాడారు. 2009 ఎన్నికల తరువాత వాటి భద్రత మీద అనుమానాలు వచ్చాయి. హైదరాబాదులోని నెట్‌ఇండియా సంస్థ అధిపతి, సాంకేతిక నిపుణుడు వేమూరి హరిప్రసాద్ 2009 సెప్టెంబరులో ఎన్నికల సంఘం ఎదుట యంత్రాన్ని పరిశీలించడానికి హాజరయ్యారు. ఆ పరిశీలన పూర్తి కాకముందే నిలిచిపోయింది.

2010 ఆరంభంలో, పేరు చెప్పని ఒక వ్యక్తి ద్వారా ఒక ఓటింగ్ యంత్రం హరిప్రసాద్ బృందానికి అందింది. మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గోంగ్రైప్ వారితో కలిసి పనిచేశారు. వారు రెండు దాడులను చూపారు. మొదటిది, ఫలితం చూపే పలకను అదే రూపంలో ఉన్న మోసపు పలకతో మార్చడం. రెండవది, ఓట్లు నిలవ ఉండే చిప్పులకు ఒక చిన్న పరికరాన్ని తగిలించి, పోలింగుకూ లెక్కింపుకూ నడుమ అంకెలు మార్చడం. 2010 ఏప్రిల్‌లో ఈ విషయం బయటపెట్టారు. పరిశోధన పత్రం అదే ఏడాది అక్టోబరులో ఒక అంతర్జాతీయ కంప్యూటర్ భద్రతా సదస్సులో వచ్చింది. రచయితలలో హరిప్రసాద్‌తో పాటు ఆయన సంస్థకు చెందిన మరి ముగ్గురు ఉన్నారు.

2010 ఆగస్టు 21న హరిప్రసాద్‌ను హైదరాబాదులోని ఆయన ఇంట్లో అరెస్టు చేసి ముంబయి తీసుకుపోయారు. ఆ యంత్రం మహారాష్ట్రలో భద్రపరచిన చోటు నుంచి పోయిందన్నది కేసు. యంత్రం ఇచ్చిన వ్యక్తి పేరు చెప్పమని పోలీసులు అడిగారు. ఆయన చెప్పలేదు. వారం తరువాత బెయిలు వచ్చింది. ఆ ఏడాదే అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు పయనీర్ అవార్డు ప్రకటించింది.

ఈ సంఘటనను విద్యార్థులుగా మీరు రెండు వైపుల నుంచీ చూడాలి. యంత్రాలు ముద్రలు వేసి కాపలాలో ఉంటాయనీ, మనిషి చేతికి అందితేనే ఆ దాడులు సాధ్యమనీ, తన విధానపరమైన రక్షణలను కలిపి చూడాలనీ ఎన్నికల సంఘం వాదించింది. కాపలా ఉన్నవారిలోనే ఒకరు తప్పు చేస్తే యంత్రం దానిని పట్టివ్వగలగాలని పరిశోధకులు వాదించారు. ఓటరు తన ఓటును కాగితం మీద చూసుకునే వీవీప్యాట్ ఏర్పాటును దశలవారీగా తేవాలని 2013 అక్టోబరు 8న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2019 లోక్‌సభ ఎన్నికలలో అన్ని నియోజకవర్గాలలోనూ అది అమలైంది. మరోవైపు, కాగితపు చీటీలన్నింటినీ లెక్కించాలన్న కోరికను అదే న్యాయస్థానం 2024 ఏప్రిల్ 26న తిరస్కరించింది.

మన పాఠానికి సంబంధించిన ముగింపు ఇది. లోపం చూపిన నైపుణ్యాన్ని ప్రపంచం గుర్తించింది. కాని యంత్రం ఎలా చేతికి వచ్చిందన్న ఒక్క ప్రశ్న ఆ నిపుణుడిని జైలు గడప దాకా తీసుకుపోయింది. ఆయన స్థాయీ పరిచయాలూ లేని ఇరవై ఏళ్ళ విద్యార్థి అదే స్థితిలో పడితే ఏమవుతుందో ఆలోచించండి. అలాగే, యజమాని పరీక్షకు తలుపు మూసివేస్తే పరీక్ష ఆగిపోదు, అదుపు లేని దారిలో జరుగుతుంది అన్నది కూడా ఈ సంఘటన నేర్పే పాఠమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(అ) 2008 సవరణ 66వ సెక్షన్‌లో తెచ్చిన మార్పును వివరించండి.
(ఆ) 2010 పరిశోధన చూపిన రెండు దాడులు ఏవి?

7. వృత్తి స్థిరపడటం

అనుమతికి ఒక వ్యవస్థ కావాలి. అది మన దేశంలో క్రమంగా ఏర్పడింది. 2004 జనవరిలో సెర్ట్-ఇన్ అనే జాతీయ సంస్థ పని ప్రారంభించింది. భద్రతా తనిఖీ చేయగల సంస్థలను అది పరీక్షించి తన జాబితాలో చేరుస్తుంది. 2016 జూన్ 2న రిజర్వు బ్యాంకు బ్యాంకుల సైబర్ భద్రతకు ఒక విధానాన్ని ప్రకటించి, క్రమం తప్పకుండా చొరబాటు పరీక్షలు జరపాలని చెప్పింది. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయాలి.

ఈ నియమాల అవసరం ఏమిటో 2022 జనవరిలో హైదరాబాదులో తెలిసింది. ఏపీ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు వ్యవస్థలోకి నేరగాళ్ళు ప్రవేశించి 12 కోట్ల రూపాయలకు పైగా సొమ్మును అనేక ఖాతాలకు తరలించారు. బ్యాంకు ఉద్యోగులకు పంపిన మోసపు ఈ-మెయిళ్ళతో ఆ చొరబాటు మొదలైందని పోలీసుల దర్యాప్తులో తేలింది. సైబర్ భద్రతా నియమాలు పాటించనందుకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది. 1974లో కార్గర్, షెల్ చెప్పిన మనుషుల పద్ధతుల లోపం దాదాపు అర్ధ శతాబ్ది తరువాత కూడా మొదటి తలుపుగానే ఉంది.

మరోవైపు లోపాలు చూపిన వారికి పారితోషికం ఇచ్చే బగ్ బౌంటీ పద్ధతి పెరిగింది. నెట్‌స్కేప్ సంస్థ 1995లో దీనిని మొదలుపెట్టింది. 2016లో అమెరికా రక్షణశాఖ కూడా ఇటువంటి పోటీ పెట్టింది. బ్రామా దుకాణం కిటికీలోని ప్రకటనకు ఇది కొత్త రూపం. ఊరు కదలకుండా ఇందులో పాల్గొనవచ్చు. అయితే ప్రతి పథకానికీ ఒక హద్దుల పత్రం ఉంటుంది. ఆ పత్రంలో పేర్కొన్న వెబ్‌సైట్లకే అనుమతి వర్తిస్తుంది.

8. మీ ముందున్న దారి

చరిత్ర చూపిన క్రమమే ఉద్యోగానికీ వర్తిస్తుంది. ఎక్కువమంది నేరుగా పరీక్షకులుగా చేరరు. నెట్‌వర్క్ నిర్వహణ, సాఫ్ట్‌వేర్ పరీక్ష, భద్రతా పర్యవేక్షణ కేంద్రం వంటి పనులలో చేరి తరువాత ఇటు వస్తారు. యంత్రం మామూలుగా ఎలా పనిచేస్తుందో తెలిసినవాడే అది ఎక్కడ తప్పుతుందో కనిపెట్టగలడు. కాబట్టి ముందుగా నెట్‌వర్కులు, లినక్స్, ఒక ప్రోగ్రామింగ్ భాష, వెబ్‌సైటు పనిచేసే తీరు నేర్చుకోండి. సాధనకు ఇతరుల యంత్రాలు అవసరం లేదు. కావాలనే లోపాలతో తయారుచేసిన మెటాస్ప్లాయిటబుల్, జ్యూస్ షాప్ వంటివి ఉచితంగా దొరుకుతాయి. వాటిని మీ సొంత కంప్యూటరులోనే పెట్టుకోవచ్చు. సీ-డాక్ వంటి ప్రభుత్వ సంస్థలు కూడా ఈ రంగంలో శిక్షణ ఇస్తున్నాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఫలితాల వెబ్‌సైటులో మీ హాల్‌టికెట్ సంఖ్య చివరి అంకె పొరపాటున తప్పు కొట్టారు. పుట్టిన తేదీ అడగకుండానే వేరొకరి మార్కులు, చిరునామా తెర మీదికి వచ్చాయి. అది నిజమైన లోపమే. ఇప్పుడు ఎంతమంది వివరాలు వస్తాయో చూద్దామని ప్రోగ్రాము రాసి వేల పేజీలు దించుకుంటే మీరు 43వ సెక్షన్ పరిధిలోకి అడుగు పెట్టినట్లే. సరదాగా స్నేహితులకు పంపినా అంతే. అక్కడితో ఆగి, చూసినదాన్ని వివరంగా రాసి, ఆ సంస్థకు గాని సెర్ట్-ఇన్‌కు గాని తెలియజేయడం సరైన పద్ధతి.

ఉద్యోగంలో చేరిన తరువాత కూడా పరీక్షకు ముందు రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి. ఏ యంత్రాలు, ఏ తేదీలు, ఏ సమయాలు, ఏ పద్ధతులు నిషిద్ధం, ఏదైనా ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, చేతికి వచ్చిన సమాచారాన్ని ఎలా నాశనం చేయాలి అన్నవి అందులో ఉంటాయి. నోటిమాట అనుమతి కాదు.

నివేదిక రాయడం సగం ఉద్యోగం. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ప్రకటిస్తారు. ఆ అంకె వినగానే లంక గ్రామాలవారికి ఏం చేయాలో తెలుస్తుంది. అలాగే కంప్యూటర్ లోపాల తీవ్రతను 0 నుంచి 10 వరకు కొలిచే సీవీఎస్ఎస్ అనే ప్రమాణం ఉంది. లోపం ఏమిటి, దానివల్ల సంస్థకు జరిగే నష్టమేమిటి, దేనిని ముందు సరిచేయాలి అన్నది యజమానికి అర్థమయ్యేలా రాయాలి. ఈ నివేదికలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి గనుక తెలుగు మాధ్యమ విద్యార్థులు రోజూ ఒక పేజీ రాసే అలవాటు చేసుకోవాలి. అదే సమయంలో, మోసపు సందేశాలు ఇప్పుడు తెలుగులోనూ వస్తున్నాయి. సహకార బ్యాంకు గుమాస్తాకు ఆ ప్రమాదాన్ని ఆయన భాషలోనే చెప్పగలగడం మీకున్న బలం.

9. సారాంశం

చొరబాటు పరీక్ష తాళాల కాలంలో పందెంగా, సైన్యంలో విధిగా, ఇంటర్నెట్ కాలంలో అందరి చేతిలోని పనిముట్టుగా, చట్టం వచ్చాక అనుమతితో కూడిన వృత్తిగా మారింది. ప్రతి దశలోనూ చొరబడే నేర్పు దాదాపు ఒకటే. మారినదల్లా ఎవరి అనుమతితో చొరబడ్డారు, కనిపెట్టినది ఎవరికి చెప్పారు అన్నవే. ఈ వృత్తిలో ప్రవేశించదలచిన మీరు పనిముట్టు కన్నా ముందు ఈ రెండు ప్రశ్నలకు సమాధానం సిద్ధం చేసుకోవాలి.

నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పెనెట్రేషన్ టెస్టింగ్ వృత్తి పరిణామాన్ని 1851 నుంచి నేటి వరకు వివరించండి.
2. 2010 ఓటింగ్ యంత్రాల వివాదంలో పరిశోధకుల వాదననూ ఎన్నికల సంఘం వాదననూ పరిశీలించి మీ అభిప్రాయం రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్‌లో అనుమతికి ఉన్న ప్రాధాన్యం ఏమిటి?
2. మీ ఊరిలోని ఒక సహకార బ్యాంకుకు చొరబాటు పరీక్ష చేయవలసి వస్తే, ముందుగా రాసుకోవలసిన ఒప్పందంలోని అంశాలను పేర్కొనండి.